తుప్పు

ఎర్రటి మందు.
రోజ్ షర్బత్ రంగులో గొట్టంలోంచి దిగుతుంది.
మర్నాడు ఒంటేలూ అదే రంగు.
ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు,
మూతేసి ఫ్లష్ రెండుసార్లు నొక్కాను.

ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టడమంటే ఏమిటో
షెఫీల్డ్‌లో ట్రాము దిగి మా వీధి ఎక్కుతుంటే
మూడో మలుపు దగ్గర, గోడ పట్టుకుని,
తెలిసింది.

పక్కింటి డెరెక్ నలభై ఏళ్లు కత్తులకు సాన పట్టినవాడు.
"ఊపిరి పోసేదీ ఆ గాలే, ఇనుమును తినేదీ ఆ గాలే"
అంటూ నా గేటు బందును గోటితో గోకాడు.
గోరు ఇటుక రంగైంది.

లెస్టర్ నుంచి సుగుణ వదిన
పాత హార్లిక్స్ సీసాలో ఉసిరి పొడి పంపింది,
మూత మీద "గుండెకి" అని రాసి.
ఎవరో ద్రాక్షగింజల మాత్రలిచ్చారు.
డెరెక్ బీట్‌రూట్లిచ్చాడు, మట్టితో సహా.

అన్నీ మోసుకెళ్లి ఫార్మసిస్టు గ్వెన్ బల్లమీద పెట్టాను.
ఒక్కొక్కటే తిప్పి చూసింది, బీట్‌రూట్లను కూడా.
"ఇవి వండుకో. పొడీ మాత్రలూ ఇప్పుడొద్దు.
గుండెకి పట్టిన గొడుగు కిందికి
ఆ రెండోదీ దూరితే?
మాకింకా సరిగ్గా తెలియదు."

తెలియదన్న మాట ఇంత మర్యాదగా
నాతో ఎవరూ అనలేదు.

నిజమే, ఇంటిదొంగ.
ఇన్నాళ్లూ నా కంచంలోనే తిన్నది
నా ఉసిరి మాత్రం వద్దంటుందా?

చీకటి గది, చల్లటి జెల్లు.
పక్కటెముకల సందులో ఇఫేయోమా
గుండెను వెతికి పట్టుకుంది.
తెరమీద ఓ చిన్న కవాటం
ఎవరూ పాడకుండానే చప్పట్లు కొడుతోంది.
అరవై రెండు ఉండేది.
ఇప్పుడు యాభై నాలుగు.
ఫస్ట్ క్లాసు పోయి సెకండ్ క్లాసు.
డిగ్రీలో నాకొచ్చిందీ అదే,
దాంతోనే నెట్టుకురాలేదా!

ఇకనుంచి ఎర్రదానికి ముందు ఇంకోటి ఎక్కిస్తారట,
గుండెలో విచ్చలవిడిగా తిరిగే ఇనుమును
మూటగట్టేది.
"అయితే నిన్ను స్టెయిన్‌లెస్ చేస్తున్నారన్నమాట"
డెరెక్ తన జోకుకి తనే దగ్గేదాకా నవ్వాడు.

సీసా వంటింట్లోనే ఉంది.
రాత్రిళ్లు మూత తీసి వాసన చూస్తాను.
దానికి గ్వెన్ అడ్డు చెప్పలేదు.
కుళాయి నీళ్లు నోట్లో మేకులా ఉంటాయి.

ఇంకా రెండు ఎర్ర సూదులు.
ఆ తర్వాత, వాళ్లు సరేనంటే, ఒక చెంచా.
ముందు వగరు.
అప్పుడు
గ్లాసెడు నీళ్లు.