బరువెక్కాక బిగించాలి

అంబత్తూరు షెడ్డులో
నాలుగు స్టాండ్ల మీద ల్యాండ్‌మాస్టరు.
ముందు కాంటెస్సా ఇంజను,
కప్పు నాలుగంగుళాలు కోసి దించేశాం,
వెనక మాత్రం ఏమీ లేదు.
వంగి చూస్తే అవతలి గోడ కనిపిస్తుంది,
దాని మీద ఎప్పటిదో ఎన్నికల రంగు.

హేమచంద్రకి గాలిసంచులు కావాలి.
మీట నొక్కితే బండి కుక్కలా కూచోవాలి,
మళ్ళీ నొక్కితే లేవాలి.
ఫోనులో బొమ్మ చూపించాడు.
నేను గేటు బయట రోడ్డు చూపించాను:
తవ్వి, పూడ్చి, మరచిపోయి, మళ్ళీ తవ్విన చోటు,
కార్తీకం వాన నిలబడి
లోతెంతో చెప్పని చోటు.
"ఇక్కడ కూచుంటే లేవదు సార్."

రెండో దారి నాకు ఇష్టం.
నాలుగు కడ్డీలు, రెండు చుట్టస్ప్రింగులు,
ఇరుసు పక్కకి జారకుండా అడ్డంగా ఇంకో కడ్డీ.
గీశాను. ముచ్చటగా వచ్చింది.
ఆ అడ్డకడ్డీ సూటిగానే కనిపిస్తుంది గాని
చక్రం లేచినప్పుడల్లా వంపు గీస్తూ
ఇరుసుని వెంట్రుకవాసి పక్కకి లాగుతుంది.
కడ్డీ ఎంత పొడుగైతే అబద్ధం అంత చిన్నది.
మా చట్రంలో పొడుగుకి చోటేదీ?
పెట్రోలు ట్యాంకు అడ్డం.
కాగితం మడిచి టీగ్లాసు కింద పెట్టాను.

మిగిలింది కమాను.
"జట్కాబండికి వేసేదా?" అన్నాడు హేమచంద్ర.
"ఔను. లారీక్కూడా."

పుదుప్పేటలో కన్నియప్పనాయుడి కొట్టు
ఆటో కంటే జానెడు వెడల్పు.
ఒక్కో పట్టీని తాడుకి వేలాడగట్టి
సుత్తితో తట్టి, చెవి పెడతాడు.
"ఇది లారీ కింద చచ్చింది."
"ఇదీ అంతే."
"ఇది డాక్టరమ్మ అంబాసిడరుది, ఊపిరుంది."
ఏడు పట్టీల కట్టలోంచి రెండు తీయమన్నాను.
చాలాసేపు తీయలేదు.
"రెండు తీస్తే మెత్తనమ్మాయ్,
మూడు తీస్తే నీ పేరు పోతుంది."

పాత నీళ్ళడ్రమ్ము కోసి
పట్టీల మధ్య పరిచాం, కిర్రుమనకుండా.
గేరుబాక్సు తోక ఎంత వాలితే
ఇరుసు ముక్కు అంత ఎత్తాలి.
ఎళిలరసు వాళ్ళ చెల్లెలి జామెట్రీ పెట్టె తెచ్చాడు.
కోణమానినికి దారం, దారానికి నట్టు.
మూడు డిగ్రీలు.
మళ్ళీ చూశాం, మూడున్నర.
ఫ్యాను ఆపి చూశాం, మూడు.

ఆఖరి సాయంత్రం
వాడు స్పానరు పట్టుకుని కిందికి దూరబోతుంటే
కాలర్ పట్టి ఆపాను.
ఇరుసు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే
బుష్షులో రబ్బరు ఆ గాలినే గుర్తుపెట్టుకుంటుంది.
నేల మీదికి దిగిన రోజునించీ మెలిపడి మెలిపడి
ఆరు నెలల్లో చిరుగుతుంది.
బరువెక్కాక బిగించాలి.

ఇసక బస్తాలు లేవు.
మనుషులున్నారు.
సీట్లు ఇంకా రాలేదు, పలకలు వేశాం.
స్టీరింగు ముందు హేమచంద్ర, ఎనభై రెండు కిలోలు.
పక్కన వాచ్‌మన్, చెప్పులు బయట విడిచి మరీ.
వెనక ఎడమవైపు టీ అమ్మే పూంగావనమక్క, ఒళ్ళో ఫ్లాస్కుతో.
కుడివైపు ఎళిలరసు.
పెట్రోలుకి బదులు రెండు నీళ్ళ క్యాన్లు.

నేను కింద, వెల్లకిలా.
కమాన్లు రెండూ నిదానంగా చదునయ్యాయి,
బియ్యం మూట దించుకున్నట్టు చిన్న శబ్దం.
పైనించి మాటలు:
"ఎక్కడికి పోదాం అక్కా?"
"పూందమల్లికి పోనీ, మా ఆడబిడ్డని భయపెట్టాలి."
బండి నవ్వుకి ఊగింది.
"నవ్వకండి! కొలత పోతుంది!"
అని అరిచాను, నేనూ నవ్వుతూనే.
ఆరు బోల్టులు. మోచేతుల దాకా గ్రీజు.

అందరూ దిగాక టేపు పెట్టి చూస్తే
ఎడమ పక్క పావంగుళం కిందికి ఉంది.
హేమచంద్ర పూంగావనమక్క వైపు చూశాడు.
ఆమె కొంగు దులుపుకుని గ్లాసులు ఏరుకుంటోంది.
నాయుడికి ఫోను చేశాను.
కాసేపు వెనక సుత్తి మోతే వినిపించింది.
"ఎడమదేగా?
ముప్ఫై ఏళ్ళు ఆ పక్కే కూచుందమ్మా డాక్టరమ్మ."