కృష్ణా కెనాల్ దాటాక

మూడు నెలలకోసారి హెప్సిబా చెవిని
బెజవాడ తీసుకెళ్లి సరిచేయించుకొస్తాం.
చెవంటే చెవి కాదు,
జుట్టు చాటున అయస్కాంతంతో అతుక్కునే
రూపాయి బిళ్లంత గుండ్రటి ముక్క,
దాని తోక చివర చిక్కుడుకాయంత మిషను.
వాయిదాలింకా పద్దెనిమిదున్నాయి.

గుంటూరులో ఆరూ నలభైకి పాసింజరు.
రోజ్‌లిన్ నైట్ డ్యూటీ దిగి నేరుగా స్టేషనుకే వచ్చింది
ఆసుపత్రి వాసనతో, ఇడ్లీ పొట్లంతో.
పెదకాకాని రాకముందే నా భుజం మీద నిద్రపోయింది.

నా ఉద్యోగం తప్పులు పట్టడం.
ఎవరో హడావిడిగా రాసిన కోడ్‌లో
ఏ మీట నొక్కితే ఏది కూలుతుందో
నొక్కి చూసి, రాసిపెట్టి, జీతం తెచ్చుకోవడం.
ఆ బుద్ధి ఇంట్లోనూ పోదు.
పిల్ల కొత్తగా విన్నవన్నీ ఒక ఫైల్లో ఎక్కిస్తాను
డాక్టరమ్మకి చూపించడానికి:

మిక్సీ – ఏడుపు. తీవ్రత ఎక్కువ.
తాలింపులో ఆవాలు – నవ్వింది. కారణం తెలియలేదు.
ప్లాస్టిక్ కవరు – చెవి పీకి విసిరింది. వెళ్లి ఫ్రిజ్‌కి అతుక్కుంది.
నాయనమ్మ ప్రార్థన – "ఇంకా అవలేదా" అంది.
ఇది లోపం కాదు.

నంబూరులో కరివేపాకు మూటలెక్కాయి,
వాటి వెంట కేకలు,
స్పీకర్లో పెట్టిన ఎవరింటిదో ఆస్తి పంచాయితీ.
హెడ్‌ఫోన్లు తగిలించుకుని బొత్తాం నొక్కాను.
రైలు దూదిలో పడింది.

"ఏం వింటున్నావ్?" అని పిల్ల సైగ.
ఒక పక్క తీసి చెప్పాను,
"ఏం లేదు. బయటి గోల వినపడకుండా."
"ఎంత?"
"పంతొమ్మిది వేలు. ఆఫర్లో."
ఏడేళ్ల బుర్ర కాసేపు లెక్క కట్టింది.
"నాకైతే తీసేస్తే చాలు. ఊరికే వస్తది."

మంగళగిరి కొండ వెనక్కి పోయింది.
కృష్ణా కెనాల్లో బండి ఎప్పటిలాగే ఆగింది,
ఎందుకాగిందో దానికే తెలియనట్టు.
ఆగినంతసేపూ నా మీటింగు నడిచింది.
"వినపడుతోందా? నేను వినపడుతున్నానా?"
పొద్దున్నే ఎనిమిది మందిమి
ఒకర్నొకరం అదే అడుగుతున్నాం.

కదిలింది.
వంతెన.
ఇనుము మీద ఇనుము, కింద ఖాళీ.
తెర మీంచి తలెత్తేసరికి
పిల్ల తల మీద ఆ ముక్క లేదు.
కిటికీ ఊచకి అంటుకుని ఉంది!
తోక గాలికి కొట్టుకుంటోంది,
కింద ఇసుక మేటలు, సన్నటి పాయలు,
ఐదు లక్షల పైచిలుకు –
నా గొంతులోంచి ఏదో వచ్చింది.
బోగీలో సగం మంది తిరిగారు.
రోజ్‌లిన్ ఉలిక్కిపడి లేచింది.
మీటింగులో ఎనిమిది దేశాల నిశ్శబ్దం.
వినాల్సిన మనిషికి తప్ప అందరికీ వినపడింది.

హెప్సిబా రెండు చేతులూ దోసిలి చేసి
ఆ ముక్క కింద పట్టుకునే ఉంది.
"బండికి పెట్టా," అంది
తనెంత గట్టిగా అంటోందో తనకే తెలియక,
"పాపం, దాని చప్పుడు దానికి వినపడదుగా."

రోజ్‌లిన్ దాన్ని ఒడిసి తీసి, చున్నీతో తుడిచి,
పిల్లకి పెట్టకుండా
కాసేపు గుప్పిట్లోనే ఉంచుకుంది.
తిట్టలేదు. వంతెనయ్యేదాకా ఆగింది.

డాక్టరమ్మ నా ఫైలు చదివి,
తెర మీద కొన్ని గీతలు పైకి, కొన్ని కిందికి జరిపింది.
"ఇంకేమైనా?"
"వంతెన," అన్నాను.
"తగ్గించమంటారా?"
నేను నోరు తెరిచేలోపు
పిల్ల అడ్డంగా తలూపింది.

తిరుగు బండిలో హెడ్‌ఫోన్లు సంచిలోనే ఉన్నాయి.
ఛార్జింగ్ అయిపోయిందని చెప్పాను రోజ్‌లిన్‌తో.
ఫైలు తెరిచి 'వంతెన –' అని కొట్టి
గీత పక్కన ఏం రాయాలో తోచక చూస్తుండగానే
కింద ఖాళీ మొదలైంది.