ముప్పై ఫ్రేముల సముద్రం

వన్‌టౌన్‌లో మా అద్దె గది.
కిటికీ గట్టు మీద పొద్దున్నే వేలితో గీస్తే
నల్లటి గీత. పోర్టు బొగ్గు.
రాత్రంతా లోపల మేం సముద్రం వండుతున్నాం:
మూడు మిషన్లు, వాటిని చల్లార్చడానికో ఏసీ,
నురగలో ఒక్కో బుడగకీ ఒక్కో నీడ.

కరెంటు బిల్లు మడతపెడుతూ ఎల్లాజీ అన్నాడు,
"సముద్రాన్ని బొగ్గేసి ఉడకబెడతన్నామేటి?"
ఎవరం నవ్వలేదు.

ఆ వారం బుడగలు తీసేశాం.
ఎవరూ ఆడనప్పుడు, మెనూ తెర మీద,
అల సెకనుకి ముప్పైసార్లు కదిలితే చాలనుకున్నాం.
రాత్రి బిల్డులు ఆపాం.
కొత్త గ్రాఫిక్స్ కార్డు డబ్బులు జీతాల్లో కలిశాయి.
ఇక పరీక్షంతా జాలరిపేటలో,
ఎల్లాజీ వాళ్లత్త పోలమ్మ పగిలిన ఫోను మీదే.

బొటనవేలికి కవ్వల పొలుసు అంటుకునే ఉంది.
పడవని అటూ ఇటూ తిప్పింది.
ఫోను వేడెక్కలేదు, చెంపకి ఆనించి చూసింది.
"నురగ తగ్గింది గానీ
గాలి ఎటేపో తెలస్తందిరా."

మర్నాడు మళ్లీ వేలితో గీశాను.
నల్లగానే ఉంది.
అందులో మా వంతు ఎంత తగ్గిందో
వేలికి తెలీదు.
తుడిచి, కిటికీ తెరిచాను.
ఏసీ వెయ్యలేదు.