చారు తొణక్కుండా

శనివారం పొద్దున ఆరున్నరకి
జక్కూరు చెరువు గట్టు మీద సెలెక్షన్.
నాలుగు కిలోమీటర్లు.
ముందొచ్చిన ఏడుగురికే స్కూలు బనియన్.
నోటీసు బోర్డులో నా పేరు కన్నడంలో రాసినారు,
పినాకిని అని.
మా ఊరి ఏటి పేరు,
నీళ్లు లేకున్నా పేరుండాది.
పెన్సిల్‌తో రాసినారు, చెరపడానికి వీలుగా.

"క్రాస్ కంట్రీ అంటే దేశం దాటేదా?"
ఎసట్లో బియ్యం పోస్తా అడిగింది అమ్మ.
కాదమ్మా, మట్టిలో, రాళ్లలో, గడ్డిలో పరిగెత్తేది.
"దానికి బెంగళూరు దాకా రావల్లనా?
పరిగిలో అంతా అదే కదా ఉండేది!"

బూట్లు ఆదివారం సంతలో దొరికినాయి.
నూట ఎనభై అంటే నాయన నూట యాభై చేసినాడు.
లోపల ఎవరిదో పాదం అచ్చు,
బొటనవేలు నొక్కి నొక్కి పడిన గుంత.
నా వేలు దానికి అంగుళం ఇవతలే ఆగిపోతాది.
మధ్యలో పాత లంగా గుడ్డ కుక్కినా.

మూడు వారాలుగా నాలుగున్నరకే లేస్తాండా.
మేముండేది ఇంకా కడతాండే బిల్డింగులో,
నాయన దానికి వాచ్‌మన్.
పదకొండు అంతస్తులు, లిఫ్టు రాలేదు,
రెక్కలు పెట్టని కిటికీల్లోంచి చలి.
మొదటి రోజు నాలుగో అంతస్తులో
సిమెంటు బస్తా మీద కూలబడినా.
ఆరో రోజు వాంతి.
పదో రోజు పై దాకా పోతే
ఎయిర్‌పోర్టు రోడ్డు దీపాలన్నీ కనబడినాయి.
చూద్దామని కాదు,
ఊపిరి కోసం నిలబడినా.

కుక్కల గురించి కూడా చెప్పల్ల.
రెండో క్రాసులో మూడు,
మొక్కల నర్సరీ కాడ ఒంటిచెవిది ఒకటి.
నడిచేవాళ్లని ఏమీ అనవు,
పరిగెత్తితేనే తరుముతాయి. ఇదేం న్యాయమో.
జేబులో రెండు బిస్కెట్లు పెట్టుకున్నాక
ఒంటిచెవిది గట్టు దాకా నాతోనే వస్తాండాది.
ముందు పోయి, వెనక్కి తిరిగి చూసి,
విసుక్కుంటాది.

షబ్రీన్ అక్క పోయినేడు జిల్లాకి పోయొచ్చింది.
మూడడుగులకు ఊపిరి తీసుకో,
రెండడుగులకు వదిలెయ్, అంటాది. సరే.
డొక్కలో పొడిస్తే నిలబడొద్దు. సరే.
భుజాలు వదులు, చేతులు వదులు.
వదిలితే చేతులు యాడికి పోవల్ల?

క్యాలెండర్లో శనివారానికి సున్నా చుట్టినా.
అమ్మ వేళ్ల మీద ఎంచి,
నీ తారీఖు కూడా ఆ పొద్దే, అనింది.
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
"వాళ్లేమన్నా ఆపుతారా?"
"లేదు."
"మరింకేం," అని సంగటి కెలికింది.

మొన్న పొద్దున చూసినా.
ఆరుంబావు బస్సు కదిలేసింది.
అమ్మ ఇంకా టీ అంగడి కాడే ఉంది.
ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టి,
ఇంకో చేత స్టీలు క్యారియర్,
దాని మూత బిగువు పోయి ఏడాదైంది,
పరిగెత్తింది.
గుంతలో నీళ్లు, దాటింది.
కంకర కుప్పని చుట్టి పోలేదు,
ఎక్కి దిగింది.
డ్రైవరు అద్దంలో చూసినట్టుండాడు, బ్రేకు.

నేను అమ్మ ముఖం చూడలేదు, క్యారియర్ చూసినా.
ఒక్క చుక్క చారు తొణకలేదు.
మోచేయి నడుముకి ఆనుకుని ఉంది,
భుజం నిద్రపోయినట్టుంది,
కాళ్లొక్కటే కోపంగా ఉన్నాయి.

రాత్రి అడిగినా, ఎట్ల నేర్చుకున్నావని.
"ఏమి?"
"పరిగెత్తేది."
"నేనెప్పుడు పరిగెత్తినా?
బస్సు పోతాంటే పోయినా."

ఈ పొద్దు శుక్రవారం.
క్యారియర్ నిండా నీళ్లు పోసుకుని
గట్టు చుట్టూ పోయినా.
మొదటి మలుపుకే మోకాళ్లు తడిసినాయి.
వాకింగ్‌కొచ్చిన పెద్దాయన కర్ర ఆపి
నీళ్లు యాడికమ్మా అని కన్నడంలో అడిగినాడు.
జవాబు చెప్తే ఊపిరి లెక్క తప్పుతాది,
గడ్డంతో ముందుకి చూపించి పోయినా.

ఇంటికొచ్చి మూత తీస్తే
సగం ఉంది.
సగానికి ఒక వేలు పైనే.