అడ్వైస్ చీటీ

మిర్చి యార్డులో నాకు తగిలిన మొదటి ఇంగ్లీషు మాట
పసుపుపచ్చ కాగితం మీద ఉండేది.
బ్యాంకు పంపే అడ్వైస్.
డబ్బు పడిందని చెప్పేది, అంతే.
దాచుకోమనేది కాదు, ఖర్చు పెట్టమనేది కాదు.
గుమాస్తా కాలేషా గారు దాన్ని ఇనప ఊచకు గుచ్చి
మూడుసార్లు తుమ్మి
మళ్లీ చిట్టాలో తల దూర్చేవారు.

అడ్వైస్ అంటే సలహా అని బళ్లో చెప్పారు,
ఇందులో సలహా ఏదండీ అంటే
"చూసింది చెప్పింది. ఇంకేం కావాల్రా నీకు" అన్నారు.
నాకప్పుడు పంతొమ్మిదేళ్లు.

ఆ మార్చిలో వీరంకమ్మ వచ్చింది
ప్రత్తిపాడు అవతల నించి, నలభై టిక్కీల తేజాతో.
కాలేషా గారు నమాజుకెళ్లిన వేళ
ఘాటుకి కొంగు అడ్డం పెట్టుకుని నన్నడిగింది:
"అబ్బాయా, అమ్మేదా, ఏసీలో పెట్టేదా?"

పెట్టు, అన్నాను.
బల్ల గుద్ది మరీ.

శ్రావణానికి ధర దిగింది.
ఏసీ అద్దె, వడ్డీ, రెండోసారి హమాలీ
అన్నీ పోను ఆమె కొంగులో ముడి
నా బొటనవేలంత లేదు.
తిట్టలేదు.
"నీదేం ఉందిలే, చెవులు నాయేగా" అంది.
తిడితే ఆ రాత్రి నిద్ర పట్టేది.

శంకర్‌విలాస్ సెంటర్లో, పేవ్‌మెంట్ మీద
అట్ట ఊడిన నిఘంటువు కొన్నాను.
పేరుగా వాడితే చివర స్, పనిగా వాడితే జ్.
ఎందరు ఎన్ని ఇచ్చినా మామూలుగా బహువచనం లేదు,
తాలుకాయ పోగులా అంతా ఒకటే రాశి.
విడిగా కావాలంటే ముక్క అనాలట.
వాళ్లకీ మనలాగే
ఒక ముక్క చెప్పడమేనని
నడిరోడ్డు మీద నవ్వొచ్చింది.

కింద, చీమతలలంత అక్షరాల్లో, దాని పుట్టుక.
పాత ఫ్రెంచిలో, దానికి వెనక లాటిన్‌లో
చూపు అనే మాట.
"నాకు అగపడింది ఇదీ" అనే వాక్యంలో
నాకు, ఇదీ రాలిపోగా
మిగిలిన నడుం ముక్క.
మధ్యలో ఆ డ్ మొదట్లో లేదు.
తర్వాతెప్పుడో రాయసగాళ్లు
లాటిన్ గుర్తొచ్చి ఇరికించారట.

ఆ డ్ దగ్గర
నేను గుద్దిన బల్ల చప్పుడు వినపడింది.

కాలేషా గారికి చదివి వినిపించాను.
"సలహా మా అరబ్బీ నించి వచ్చింది,
దాని వేళ్లు బాగుచెయ్యడంలో ఉన్నాయి" అన్నారు.
కాసేపాగి, టీ గ్లాసు చిట్టా మీద పెట్టి,
"బాగుచెయ్యగలిగితే ఇయ్యి,
లేకపోతే అగపడింది చెప్పి ఊరుకో."
ఆ గ్లాసు మరక ఇప్పటికీ ఆ పేజీ మీద ఉంది.
ఆ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను.

నిన్న వీరంకమ్మ వచ్చింది. ఇరవై రెండు టిక్కీలు.
అదే ప్రశ్న.
నాకు అగపడేది చెప్పాను:
ఏసీలు నిండుతున్నాయి,
పైనించి సరుకు రోజూ దిగుతోంది,
వానల సంగతి నాకు తెలీదు,
పోయినసారి నేను తప్పు చెప్పాను.

కాయ ఒకటి తుంచి, గింజ చూసి,
గొంతు సవరించుకుంది.
"సగం అమ్ముతా" అంది.

పదకొండు టిక్కీలు కాటా ఎక్కాయి.
ఇన్నేళ్లలో ఆ సగం
నాకెప్పుడూ అగపడలేదు.