ఎడమ వైపు బాణం

కాగితం తమిళంలో ఇచ్చారు.
నేను చదివి తెలుగులో చెబుతుంటే
ఆండాళ్ళు వేళ్ళు మడుస్తూ వింది.
ఏడు రోజుల ముందు ఆస్పిరిన్ ఆపాలి.
పుచ్చుపళ్ళుంటే ముందే చూపించుకోవాలి
(పంటికీ తుంటికీ ఏం చుట్టరికమో).
గుమ్మాల్లో పట్టాలు, కాళ్ళకడ్డొచ్చే వైర్లు తీసెయ్యాలి.
టాయిలెట్ సీటు నాలుగంగుళాలు ఎత్తు చేయించాలి.
నేల మీద కూర్చోవడం
ఇక లేదు.

అక్కడ ఆమె వేలు మడవలేదు.
"ఎన్నాళ్ళు?" అంది.
కాగితం తిప్పి చూశాను.
వెనక ఆస్పత్రి ఫోన్ నంబరు మాత్రమే ఉంది.

ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టర్ని.
ఒక చేతిలో టికెట్ల కట్ట, ఒక చేతిలో చిల్లర,
వేళ్ళ సందుల్లో నిలువునా మడిచిన నోట్లు.
పట్టుకోడానికి మిగిలింది తుంటి ఒక్కటే.
మూడో సీటు కమ్మీకి దాన్ని ఆనించి
ఓట్టేరి నుంచి మందవెల్లి దాకా
నిలబడే ఊరు దాటేవాణ్ణి.
దశరథన్ బ్రేకు తొక్కితే
బస్సంతా ముందుకి తూలేది.
నా ఎడమ తుంటి మాత్రం
"ఉన్నాన్లే" అనేది.

ఓసారి డౌటన్ దగ్గర ఎక్కిన స్కూలు పిల్లాడు
ఆ తుంటికి తల వాల్చి
నిలబడే నిద్రపోయాడు.
రాయపేట దాటేదాకా నేను కదల్లేదు.
వెనకవాళ్ళ డబ్బులు చేతుల మీదుగా రప్పించుకున్నాను.
వాడికిప్పుడు నలభై ఉంటాయి.
ఆ తల బరువు
ఎక్స్‌రేలో ఎక్కడా పడలేదు.

డాక్టరమ్మ పెన్ను కొనతో చూపించింది.
ఇది గిన్నె, ఇది బంతి,
మధ్యన ఉండాల్సిన మెత్తన అయిపోయింది,
ఎముకా ఎముకా ఒరుసుకుంటున్నాయి.
"ఆ పాత బంతి నాకిచ్చేస్తారా?" అన్నాను.
కుదరదట. పసుప్పచ్చ సంచిలో వేసి పంపేస్తారట.
ఎక్కడికో, ఏ రూట్లోనో, టికెట్ లేకుండా.
"తెచ్చుకుని ఏం చేస్తారు, ఊరగాయ పెడతారా?"
అంది ఆండాళ్ళు లిఫ్టులో,
ఎవరికీ తెలుగు రాదన్న ధైర్యంతో.
లిఫ్టు అబ్బాయి కిసుక్కుమన్నాడు.
వాళ్ళది సూళ్ళూరుపేటట.

వాకర్ నేర్పిన బెనీటాకి ఇరవై నాలుగేళ్ళు.
ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, తాతా,
దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.
ఊరందరికీ ఎక్కడం దిగడం చెప్పినవాణ్ణి
మూడు చెక్కమెట్ల ముందు
కాళ్ళు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

ఆదివారం, పీట వాల్చమన్నాను.
అటక మీదికి ఎక్కించేసిందల్లా
మాట్లాడకుండా మళ్ళీ దింపింది.
దిగడానికి గోడ, కిటికీ ఊచ, ఆమె భుజం,
మూడూ కావాల్సొచ్చాయి.
ములక్కాడ పులుసు. వేయించిన వడియాలు.
తన మోకాళ్ళ సంగతి మర్చిపోయినట్టు
ఎదురుగా తనూ కూర్చుంది.
ఇక్కణ్ణుంచి ఇల్లు వేరేగా ఉంటుంది.
బల్ల అడుగున వడ్రంగి పెన్సిలు గీతలు,
బీరువా కింద ఎప్పటిదో పది పైసల బిళ్ళ.
మజ్జిగ రెండోసారి పోయించుకున్నాను,
ఆకలికి కాదు.
ఇక లేవక తప్పనప్పుడు
నా చంకల్లో చేతులు వేసి
"పోలాం రైట్" అంది ఆండాళ్ళు.
నలభై రెండేళ్ళ కాపురంలో
ఆ మాట ఆమె నోట అదే మొదలు.

"ఏ కాలు?"
అడ్మిషన్లో ఒకరడిగారు. రక్తం తీసినామె అడిగింది.
మత్తు డాక్టరు అడిగాడు. ఇప్పుడీ కుర్రాడు.
ఎవర్నీ విసుక్కోలేదు.
రోజుకి వెయ్యిమందిని ఒకటే ప్రశ్న అడిగి
బతికినవాణ్ణి నేను.
ఎడమ, అన్నాను. ఎడమే.
తొడ మీద ఊదారంగు బాణం గీశాడు, పైకి చూపిస్తూ.
చక్కిలిగింత పుట్టి ఫక్కున నవ్వాను.
అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి,
అక్కడ చక్కిలిగింత ఉందని
నాకెవరూ చెప్పలేదు.

నర్సు నా ఉంగరం, తాయెత్తు, కట్టుడు పన్ను
తీసి ఆండాళ్ళు చేతిలో పెట్టింది.
డ్యూటీ దిగేముందు చిల్లర సరిచూసుకున్నట్టు
ఒక్కొక్కటీ చూసుకుని
కొంగున ముడేసుకుంది.