కత్తెర ఆగిన చోట

మనామా సూక్‌లో, అత్తరు కొట్ల వెనక సందులో నా మిషను.
ఎదురుగా హెస్కేల్ గారి బట్టల కొట్టు.
చివర విరిగి తొంభై ఎనిమిదే మిగిలిన మీటరు బద్ద ఆయనది.
మీటరు మీటరుకీ ఒక బొటనవేలు కలిపి కొలుస్తాడు,
ఎవరూ అడగకపోయినా.

నేను నరసాపురం లేసు మనిషిని.
పలక కంటే ముందు క్రోషా సూది పట్టాను.
ఇక్కడ అబాయా అంచుల మీద
నలుపు మీద నల్లపూలు కుడతాను.
కంటికి కనపడవు. వేలితో తడిమితే తెలుస్తాయి.

శుక్రవారం ప్రార్థనలో పాస్టరు గారు
జ్ఞానము, జ్ఞానము అని రెండు గంటలు చెప్పారు.
ఆ ‘ము’ దగ్గరే నాకు కునుకు పట్టేది.
అది చదువుకున్నోళ్ళ సరుకు,
అద్దాల బీరువాలో ఉంటుంది,
తాళం మన కొంగున ఉండదు,
అనుకున్నాను యాభై దాటేదాకా.

ఏసీ చెడిపోయిన జూలై మధ్యాహ్నం
గుమ్మంలోకి కుర్చీ లాక్కుని హెస్కేల్ గారన్నారు,
సగం హిందీ, సగం అరబీ:
“మా పాత భాషలో హొఖ్మా అని ఒక మాటుంది,
వీళ్ళ హిక్మాకి అక్క.
మొదట్లో అది పుస్తకాల్లో కూర్చోలేదమ్మా.
మేకబొచ్చు వడికే ఆడవాళ్ళ వేళ్ళలో ఉండేది,
ఇత్తడి పోతపోసేవాడి ఊపిరిలో,
గాలి మళ్ళినప్పుడు పడవ తిప్పేవాడి మోచేతిలో.
గుండెలో తెలివున్నవాళ్ళు అనేవారు వాళ్ళని.
మావాళ్ళు ఆలోచించింది గుండెతోనే.”

నవ్వొచ్చింది నాకు.
తలకెక్కనివి బోలెడున్నాయి గానీ
గుండెకి తెలియనిదేముంది ఎవరికైనా?

“మరి భయం సంగతేంటండీ?” అన్నాను.
“దేవుడి భయం దగ్గరే తెలివి మొదలంటారు కదా మీరూ మేమూ.
భయం నాకేం కొత్త?
ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టిన భయం,
మొదటింట్లో మామా చెప్పులు మేడ దిగుతుంటే
తోమే గిన్నెలో చెయ్యి బిగుసుకున్న భయం,
వీసా తేదీ దగ్గరపడుతున్న భయం.
ఇరవై రెండేళ్ళు భయపడ్డాను.
ఆ లెక్కన ఈ సందుకి నేనే మహాజ్ఞానిని.”

ఆయన మాట్లాడలేదు.
చాలాసేపటికి, వాళ్ళ తాత ముహర్రక్‌లో ముత్యాలు కొనేవాడనీ
బేరం ముందు మూడుసార్లు చేతులు కడుక్కునేవాడనీ
ఏదో చెప్పారు.
అది నా ప్రశ్నకి జవాబు కాదు.
ఆయనకీ తెలుసు.

నాలుగింటికి పెళ్ళిగుడ్డ వచ్చింది.
ఆరు మీటర్లు, నా మూడు నెలల సంపాదన.
పరిచాను. సుద్దతో గీశాను.
టేపు మళ్ళీ వేశాను, గీత సరిగ్గానే ఉంది.
కత్తెర తెరిచి
ఆగాను.

సందంతా అరుస్తూనే ఉంది,
ఖర్జూరాలవాడూ, ట్రాలీవాడూ, మసీదు మైకూ.
నా చేతి చుట్టూ మాత్రం ఏదో నిశ్శబ్దం.
ఎవరూ కొట్టరు. తిట్టరు. జీతం కోయరు.
అయినా చెయ్యి కదలదు.
గుడ్డ ఇంకా ఒక్కటే.
ఈ కోత తర్వాత మళ్ళీ ఎప్పటికీ ఒక్కటి కాదు.
దాన్ని నేసినవాళ్ళెవరో, తొడుక్కునే పిల్లెవరో,
పత్తికి తెల్లదనం ఇచ్చినవాడెవడో
అందరూ వంగి నా వేళ్ళకేసి చూస్తున్నట్టుంది.

ఎదురు గుమ్మంలో హెస్కేల్ గారు
వేలెత్తి చూపించారు. అంతే.

మా భాషలో భయభక్తులని ఒకే మాట.
ఎవరో ఎప్పుడో దాన్ని మధ్యకి కోసి
భయం ముక్క నా చేతిలో పెట్టారు.
రెండో ముక్క ఇన్నాళ్ళూ
ఈ కత్తెర సందులోనే ఉందన్నమాట.

కోశాను.

రాత్రి బస్సు దగ్గర
ట్రాఫిక్‌లోకి పరిగెత్తబోయిన పసివాణ్ణి
ఎవరో శ్రీలంక అమ్మాయి వెనక చొక్కా పట్టి ఆపింది.
కేకేయలేదు. తిట్టలేదు. పట్టుకునే ఉంది.
తెలివి ఆడమనిషనీ, కూడళ్ళలో నిలబడి పిలుస్తుందనీ
పాతకాలం వాళ్ళు నమ్మేవారట.
ఆమె కేసి ఇంకాసేపు చూసేదాన్ని,
బస్సు వచ్చేసింది.

మర్నాడు కొలతకి వేస్తే
ఎడమ చంక దగ్గర అరంగుళం బిగిసింది.
విప్పి మళ్ళీ కుట్టాను.